పరదేశులకు పలుకు నేర్పిన జేన్ ఆడమ్స్

అమెరికా దేశమందు ఇల్లినాయ్ రాష్ట్రములోని సీడర్‌విల్ గ్రామమున 1860 సెప్టెంబరు 6వ తేదీన జేన్ ఆడమ్స్ జన్మించెను. రెండేండ్ల ప్రాయముననే తల్లిని కోల్పోయెను. వెన్నెముకకు సోకిన వ్యాధి వలన ఆమె కొంత వంగి నడిచెడిది. తనవంటి కుమార్తె యుండుట తండ్రికి తలవంపని తలంచి, నలుగురిలో ఆయన ప్రక్కన నడచుటకు వెనుదీసెడిది. ఒకనాడు తండ్రి పట్టణ వీధిలో ఆమెను చూచి, అందరి యెదుట టోపీ తీసి వంగి అభివాదము చేసెను. ఆ చిన్ని హృదయములోని భయము ఆనాటితో తొలగెను.

1881లో ఆమె రాక్‌ఫర్డ్ విద్యాలయములో చదువు ముగించెను. ఆ యేడే తండ్రి మరణించెను. వైద్యవిద్యకై ఫిలడెల్ఫియా వెళ్లెను గాని అనారోగ్యము వలన మానుకొనవలసి వచ్చెను. తన జీవితము దేనికి వినియోగపడునో తెలియక అనేక సంవత్సరములు వేదనపడెను. ఆ కాలముననే స్వగ్రామములోని ప్రెస్బిటేరియన్ సంఘములో బాప్తిస్మము పొందెను. 1888లో లండను నగరమున టాయిన్‌బీ హాలును దర్శించి, విద్యావంతులు పేదల నడుమ కాపురముండుట చూచినప్పుడు ఆమెకు మార్గము తేటపడెను.

1889 సెప్టెంబరు 18న స్నేహితురాలైన ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలిసి చికాగో నగరమున హాల్‌స్టెడ్ వీధిలోని హల్ హౌస్ అను పాత భవనములో ఆమె నివాసమేర్పరచుకొనెను. ఆ చుట్టుప్రక్కల ఇటలీ, జర్మనీ, రష్యా, పోలండు మొదలగు దేశములనుండి వచ్చిన కూలి జనులు క్రిక్కిరిసి యుండిరి. ఆంగ్లము రానివాడు కూలి బేరమాడలేడు, వైద్యునికి తన బాధ చెప్పుకొనలేడు. కావున పగలంతయు కర్మాగారములలో శ్రమించినవారికై హల్ హౌస్‌లో సాయంకాలపు ఆంగ్ల తరగతులు నడిపిరి.

పోలండునుండి వచ్చిన హిల్డా సాట్ అను యూదు బాలిక తండ్రి మరణించగా బడి మానివేసి అల్లిక మిల్లులో పనికి చేరెను. ఆమె ఈ తరగతులలో చదువుకొనెను. జేన్ సహాయముతో 1904లో చికాగో విశ్వవిద్యాలయమున కొంతకాలము విద్యనభ్యసించెను. పిమ్మట తానే హల్ హౌస్‌లో పరదేశులకు ఆంగ్లము బోధించెను.

అయితే ఈ మేలు వెంట ఒక కీడు వచ్చుచున్నట్లు జేన్ గ్రహించెను. పిల్లలు బడిలో ఆంగ్లము త్వరగా నేర్చి తలిదండ్రులకు దుబాసీలైరి. పిదప వారి మాటను, కట్టును, పల్లెటూరి అలవాట్లను చూచి సిగ్గుపడసాగిరి. ఒకనాడు వీధిలో ఇటలీ దేశపు వృద్ధురాలొకతె గడపయొద్ద కూర్చుండి కదురుతో నూలు వడకుట జేన్ చూచెను. ఆ దృశ్యము ఆమె మనస్సులో నాటుకొనెను. 1900లో హల్ హౌస్‌లో శ్రమ ప్రదర్శనశాల వెలసెను. అక్షరమురాని తల్లులు అచ్చట తమ పూర్వికుల పనితనమును చూపు బోధకులైరి.

ఏంజెలీనా అను బాలిక శనివారపు సాయంకాలములు వంట తరగతికి వచ్చెడిది. తల్లి అదే వేళ ప్రదర్శనశాలలో నూలు వడికెడిది. తలగుడ్డయు మోటు బూట్లును ధరించిన తల్లితో కనబడుటకు నామోషీపడి, కుమార్తె వేరొక ద్వారమున లోపలికి పోయెడిది. ఒక సాయంకాలము విద్యావంతులైన సందర్శకులు తల్లి చుట్టు నిలిచి ఆమె నేర్పును మెచ్చుకొనుట ఆ బాలిక కంటబడెను. జేన్ ఆమెను చేరదీసి, తల్లి పెరిగిన పల్లెను గూర్చియు, దానిని విడిచి వచ్చుటలో ఆమె కోల్పోయిన దానిని గూర్చియు వివరించెను. అంతట నుండి కుమార్తె తల్లి వచ్చు ద్వారముననే వచ్చెను.

1893లో బాలల పనిని అరికట్టు ఇల్లినాయ్ చట్టమునకు హల్ హౌస్‌వారు పాటుపడిరి. మొదటి ప్రపంచ యుద్ధమును వ్యతిరేకించినందున జేన్ తన దేశమందే నిందలపాలయ్యెను. 1931లో నోబెల్ శాంతి బహుమానములో ఆమెకు భాగము లభించెను. 1935 మే 21న ఆమె కన్నుమూసెను.

నేడు మన యిండ్లలోను బిడ్డలు ఆంగ్లము నేర్చుచున్నారు. అది కొరగాని పని కాదు. కాని ఆ చదువు వారిని కన్నతల్లి ప్రక్కనుండి తొలగించుచున్నదా, ఆమె ప్రక్కన నిలుపుచున్నదా అని పరీక్షించుకొనుట మన విధి.