ఇగ్బో భాషకు వాచకం రాసిన అజాయి క్రౌథర్

ఈ వార్షికోత్సవ సంచికలో మేము ఒక ఆఫ్రికా మహనీయుని జీవితాన్ని పరిచయం చేస్తున్నాం. ఆయన శామ్యూల్ అజాయి క్రౌథర్.

ఆయన సుమారు 1809లో, నేటి నైజీరియాలోని ఒసోగున్‌లో యోరుబా కుటుంబంలో జన్మించారు. 1821లో కొందరు ఊరిపై దాడి చేసి, తల్లితో పాటు ఆయన్నూ బానిసగా పట్టుకుపోయారు. పలు చేతులు మారాక పోర్చుగీసు ఓడ ఎక్కించారు. 1822లో బ్రిటిష్ నౌకాదళం ఆ ఓడను పట్టుకుని, బానిసలను సియెర్రా లియోన్‌లో విడిచిపెట్టింది. అక్కడే ఆయన అక్షరాలు దిద్దారు. 1827లో ఫౌరా బే కళాశాల తొలి విద్యార్థుల్లో ఒకరయ్యారు. 1864లో ఆంగ్లికన్ సంఘంలో తొలి ఆఫ్రికా బిషప్ అయ్యారు.

1846లో అబెయోకుటాలో ఆయనకు తల్లి మళ్లీ కనిపించింది. ఇంగ్లీషులో ఎంత చదివినా యోరుబాను మరువలేదు కనుకనే, పాతికేళ్ల తర్వాత ఆమెతో మనసు విప్పి మాట్లాడగలిగారు.

యోరుబాకు నిఘంటువు రాసిన ఆయన, తనది కాని ఇగ్బో భాషకూ 1857లో వాచకం రాశారు. అదే ఏడాది ఒనిట్షాలో క్రైస్తవ మిషన్ మొదలైంది. దాన్ని నడిపిన జాన్ క్రిస్టఫర్ టేలర్ ఇగ్బో తల్లిదండ్రుల బిడ్డ. అయితే వాచకంలోని ఇగ్బో సియెర్రా లియోన్‌లో విముక్తులు మాట్లాడిన ఇసువామా మాండలికం. నైజర్ నది ఒడ్డున ఉన్నవారికి అది సరిగా అర్థం కాలేదు. ఏ మాండలికంలో, ఏ లిపి పద్ధతిలో రాయాలన్న తగాదా దశాబ్దాలు సాగింది. 1961లో ఓన్వు కమిటీ ఒక లిపి పద్ధతిని ఖరారు చేసింది. ఈలోగా ఇంగ్లీషు ఉద్యోగానికీ గౌరవానికీ గుర్తయింది. ఈనాటికీ ఇగ్బో మాట్లాడేవారు కోట్లలో ఉన్నారు. కానీ పట్టణాల్లో చాలామంది తల్లిదండ్రులు పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడుతున్నారు.

చివరి రోజుల్లో యువ తెల్ల మిషనరీలు క్రౌథర్ అధికారాన్ని లాక్కున్నారు. 1891 డిసెంబరు 31న ఆయన లాగోస్‌లో కన్నుమూశారు. ఆయన స్థానంలో తెల్ల బిషప్‌నే నియమించారు.

మా హాస్టల్‌లో కోయ, లంబాడీ మాట్లాడే తమ్ముళ్లు ఇంటికి ఫోన్ చేస్తే, ఎవరైనా నవ్వుతారేమోనని గొంతు తగ్గిస్తారు. ఒకప్పుడు మేమూ నవ్వినవాళ్లమే. ఇకపై నవ్వం. పుస్తకాలున్నంత మాత్రాన భాష బతకదు, ఇంట్లో మాట్లాడాలి. ఇంగ్లీషు బాగా నేర్చుకుందాం. అమ్మతో మాత్రం అమ్మ భాషలోనే, గొంతెత్తి మాట్లాడదాం.