ఆరు చుక్కల అక్షరశిల్పి లూయీ బ్రెయిలీ

ఫ్రాన్సు రాజధాని పారిస్ నగరానికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో కూప్‌వ్రే అనే చిన్న గ్రామం ఉన్నది. ఆ గ్రామంలో 1809 జనవరి 4న సిమోన్ రెనే, మోనిక్ దంపతులకు నాలుగవ సంతానంగా లూయీ బ్రెయిలీ జన్మించాడు. తండ్రి గుర్రాలకు జీనులు, కళ్ళేలు, తోలు పట్టీలు తయారుచేసే వృత్తిలో పేరున్నవాడు. కుటుంబం సంపన్నమైనది కాకపోయినా తిండికీ బట్టకూ లోటు లేనిది.

లూయీకి మూడేళ్ళ వయసులో, 1812లో, ఆ ఇంటి మీద పిడుగు పడినంత పని జరిగింది. తండ్రి పనిశాలలో ఆడుకుంటూ, తోలును కోసి పొడిచే మొనదేలిన పనిముట్టును అందుకున్నాడు. అది జారి కంటిలో గుచ్చుకున్నది. గాయం చీము పట్టకుండా అరికట్టగల మందులు ఆనాటి వైద్యానికి తెలియవు. వ్యాధి రెండవ కంటికి కూడా వ్యాపించింది. ఐదేళ్ళు వచ్చేసరికి ఆ బాలుని రెండు కళ్ళూ పూర్తిగా చూపు కోల్పోయాయి.

తల్లిదండ్రులు పరచిన బాట

ఆ కాలంలో ఐరోపాలో పేదింటి అంధబాలలకు భిక్షాటనే గతి. ఇంటి మూలన కూర్చుండబెట్టి అన్నం పెట్టడమే మహోపకారమని అనేక కుటుంబాలు తలచేవి. బ్రెయిలీ దంపతులు ఈ రెండు దారులనూ కాదన్నారు. తండ్రి స్వయంగా చేతికర్ర చెక్కి ఇచ్చాడు. దాని సాయంతో బాలుడు ఊరి వీధులనూ పొలాల దారులనూ ఒంటరిగా తిరగడం నేర్చుకున్నాడు. చేతనైన చిన్న పనులను ఇంటిలో అతనికీ అప్పగించేవారు. తోలుముక్కపై మేకులు కొట్టి, అక్షరాల ఆకారాలను వేళ్ళతో తడిమి తెలుసుకొనేటట్లు తండ్రి నేర్పాడని కూడా చెబుతారు.

1815లో గ్రామ చర్చికి జాక్ పాలుయీ అనే మతాచార్యుడు వచ్చాడు. ఆయన బాలుని చురుకుదనాన్ని గుర్తించి, పక్కన కూర్చుండబెట్టుకొని చెట్లను వాటి వాసనతోనూ, పక్షులను వాటి కూతతోనూ గుర్తించడం నేర్పాడు. తరువాత గ్రామ ఉపాధ్యాయుడు ఆంత్వాన్ బెషరే అతనిని చూపున్న పిల్లలతోపాటే తన తరగతిలో చేర్చుకున్నాడు. లూయీ పాఠాలను చెవులతో విని మనసున నిలుపుకొని, తోటివారిని మించసాగాడు. అయితే తక్కిన పిల్లలు పుస్తకం తెరిచినప్పుడల్లా అతడు చేతులు ముడుచుకొని కూర్చోవలసివచ్చేది. ఆ లోటు తీర్చడం ఊరి బడికి సాధ్యం కాలేదు.

మతాచార్యుడు ఆ ప్రాంతపు జమీందారును ఆశ్రయించి, ఆయన సిఫారసుతో పారిస్‌లోని రాయల్ అంధబాలుర పాఠశాలలో ఉపకార వేతనంతో స్థానం సంపాదించాడు. 1819 ఫిబ్రవరిలో, పదేళ్ళ ప్రాయంలో, లూయీ తండ్రి వెంట బయలుదేరి వెళ్ళాడు. కన్నవారికి ఆ ఎడబాటు ఎంత కష్టమైనదో, బిడ్డను దూరపు హాస్టలుకు పంపిన ప్రతి ఇంటికీ తెలుసు.

పన్నెండు నుండి ఆరుకు

ఆ పాఠశాలను 18వ శతాబ్దం చివరిలో వాలెంతిన్ హావీ అనే దయాశాలి స్థాపించాడు. లూయీ చేరేనాటికి అది పాతబడి చెమ్మగిల్లిన భవనంలో నడుస్తున్నది. అక్కడి పుస్తకాలలో మామూలు అక్షరాలనే పెద్దవిగా, ఉబ్బెత్తుగా అచ్చొత్తేవారు. ఒక్కొక్క అక్షరం చుట్టూ వేలు తిప్పి పోల్చుకోవాలి. వాక్యం చివరికి చేరేసరికి మొదలు మరచిపోయే పరిస్థితి. పుస్తకాలు బరువైనవి, ఖరీదైనవి, సంఖ్యలో బహు స్వల్పం. అంతకన్నా పెద్ద లోటు, ఆ పద్ధతిలో అంధులు తమంతట తాము వ్రాయలేరు.

1821లో షార్ల్ బార్బియే అనే మాజీ సైనికాధికారి రూపొందించిన చుక్కల వ్రాత ఆ పాఠశాలకు చేరింది. చీకటిలో కూడా వేళ్ళతో చదువగలిగే పద్ధతి అది. అందులో ఒక్కొక్క గుర్తుకు పన్నెండు చుక్కల వరకు ఉండేవి. ఒకే స్పర్శలో వేలికొనకు అవి అందవు. పైగా గుర్తులు ధ్వనులకే గాని అక్షరాలకు కావు. వర్ణక్రమానికీ విరామ చిహ్నాలకూ చోటు లేదు. అయినా గీతలకన్నా చుక్కలే వేలికి తేలికగా తెలుస్తాయన్న సత్యాన్ని పన్నెండేళ్ళ లూయీ పట్టుకున్నాడు.

పగలు పాఠాలు, రాత్రి పొద్దుపోయేవరకు కాగితమూ పొడుపుమొనా. ఈ విధంగా మూడేళ్ళు శ్రమించి, 1824 నాటికి, పదిహేనేళ్ళ వయసులో, కొత్త లిపిని సిద్ధం చేశాడు. రెండు నిలువు వరుసలు, వరుసకు మూడు చుక్కలు, మొత్తం ఆరు. అవి వేలికొనకు ఒక్కసారిగా అందుతాయి. వాటి కూర్పులతో 63 గుర్తులు ఏర్పడతాయి. అక్షరాలు, అంకెలు, విరామాలు, సంగీత స్వరాలు అన్నీ అందులో ఒదిగాయి. 1829లో ఈ విధానాన్ని వివరించే గ్రంథం వెలువడింది. తన చూపును హరించిన పనిముట్టు వంటి మొనతోనే ఆయన అక్షరాలకు ప్రాణం పోయడం విధి విచిత్రం.

గురువుగా

చదివిన పాఠశాలలోనే బ్రెయిలీ ఉపాధ్యాయుడయ్యాడు. ఆర్గన్ వాద్యంలో నిపుణుడై పారిస్ చర్చిలలో వాయించేవాడు. 1831లో తండ్రి మరణించాడు. 1835 ప్రాంతంలో క్షయవ్యాధి లక్షణాలు పొడసూపాయి. ఆయనకు విద్యార్థుల ఇక్కట్లు స్వానుభవంతో తెలిసినవి. చుక్కల లిపిలో వ్రాసిన ఉత్తరాన్ని ఇంటివద్ద తల్లిదండ్రులు చదువలేరు కదా! ఆ కొరత తీర్చడానికి 1839లో మరొక పద్ధతి కనుగొన్నాడు. అందులో మామూలు అక్షరాల రూపాలనే చుక్కలతో పొడిచి వ్రాస్తారు. తరువాత అంధుడైన పియర్ ఫూకో ఆ వ్రాతకు యంత్రాన్ని నిర్మించాడు. దానితో బిడ్డ స్వహస్తాలతో వ్రాసిన జాబును కన్నవారు స్వయంగా చదువుకొనే భాగ్యం కలిగింది.

లిపికి మాత్రం పాఠశాలలోనే ఎదురుదెబ్బ తగిలింది. 1840లో అధికారం చేపట్టిన కొత్త డైరెక్టర్ దూఫో దానిని పక్కన పెట్టించాడు. అంధులకు ప్రత్యేక లిపి ఉంటే వారు సమాజం నుండి వేరైపోతారన్నది ఆనాటి పలువురు ఉపాధ్యాయుల వాదం. విద్యార్థులు మాత్రం రహస్యంగా ఆ లిపిలోనే వ్రాసుకున్నారు. సహాయ అధికారి గాదే వారి పక్షం వహించాడు. 1844 ఫిబ్రవరిలో కొత్త భవన ప్రారంభోత్సవ సభలో, పెద్దల సమక్షంలో ఆ లిపి సామర్థ్యాన్ని పిల్లలచేత ప్రదర్శింపజేశారు. లిపి తిరిగి నిలదొక్కుకున్నది.

1852 జనవరి 6న, 43వ జన్మదినం జరిగిన రెండు రోజులకే, బ్రెయిలీ కన్నుమూశాడు. రెండేళ్ళ తరువాత, 1854లో, ఆ పాఠశాల ఆయన లిపిని అధికారికంగా స్వీకరించింది. శతవర్ధంతి సంవత్సరమైన 1952లో భౌతికకాయాన్ని మహనీయుల సమాధిమందిరమైన పాంథియన్‌కు తరలించారు. చేతుల అవశేషాలను మాత్రం కూప్‌వ్రేలోనే ఉంచారు.

మన ఊళ్ళకు అందిన వరం

భారతదేశంలో ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క విధంగా నడిచిన చుక్కల వ్రాతలను సమన్వయించి, 1951లో భారతి బ్రెయిలీ రూపొందించారు. ఇందులో ఒక విశేషమున్నది. తెలుగు, కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ భాషలలో ఒకే ధ్వనికి సాధారణంగా ఒకే చుక్కలు. 'క'కు ఒకటి, మూడు చుక్కలు. అది ఏ భాషలోనైనా అంతే. కళ్ళున్న సరిహద్దు పిల్లలు ఇంటి భాషకొక లిపి, బడి భాషకొక లిపి నేర్చుకొనవలసి ఉండగా, బ్రెయిలీ చదివే పిల్లవాడు ఒక్క లిపితోనే రెండు భాషల పుస్తకాలనూ తడుముతాడు.

బ్రెయిలీ ద్విశత జయంతి సందర్భంగా 2009లో మన ప్రభుత్వం ఆయన రూపంతో 2 రూపాయల నాణెం విడుదల చేసింది. ఐక్యరాజ్యసమితి నిర్ణయం మేరకు 2019 నుండి జనవరి 4ను ప్రపంచ బ్రెయిలీ దినంగా పాటిస్తున్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, 40 శాతానికి తక్కువ కాని వైకల్యం ధ్రువీకరించబడిన బాలబాలికలకు 6 నుండి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్యను హక్కుగా ఇచ్చింది. సమీప పాఠశాలలో చదివించాలా, ప్రత్యేక పాఠశాలకు పంపాలా అన్న ఎంపిక కూడా ఆ చట్టంలో ఉన్నది.

కూప్‌వ్రే గ్రామానికి అటువంటి చట్టమేదీ లేదు. ఒక తండ్రి కర్ర చెక్కాడు, ఒక మతాచార్యుడు సమయమిచ్చాడు, ఒక బడిపంతులు బెంచీపై చోటిచ్చాడు. ఆ మువ్వురిలో ఏ ఒక్కరు వెనుదీసినా ఆ బాలుడు పారిస్ చేరేవాడు కాడు. నేడు మన ఊళ్ళలోనూ చూపు, వినికిడి, మాట, బుద్ధి వికాసాలలో లోటున్న పిల్లలు ఉన్నారు. వారి పేరు బడి హాజరుపట్టీలో ఉన్నదో లేదో చూసుకోవడం తల్లిదండ్రులకూ, ఇరుగుపొరుగుకూ, పంతుళ్ళకూ ఉమ్మడి బాధ్యత.