జేన్ ఆడమ్స్ – వలస తల్లులకు తెరిచిన తలుపు

జేన్ ఆడమ్స్ అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో, సీడర్‌విల్ అనే చిన్న ఊళ్లో 1860 సెప్టెంబరు 6న పుట్టారు. రెండేళ్ల వయసులోనే తల్లి చనిపోయింది. చిన్నప్పుడే వెన్నెముకకు క్షయ సోకడంతో వీపు కొంచెం వంగిపోయింది. ఊళ్లో అందరూ గౌరవించే తన తండ్రికి ఇలాంటి కూతురు ఉందని కొత్తవాళ్లకు తెలియకూడదని, చర్చి నుంచి ఇంటికి వెళ్లేటప్పుడు ఆ పాప తండ్రి పక్కన కాకుండా వేరే బంధువు పక్కన నడిచేది. ఒకరోజు పట్నంలో, నడివీధిలో, తండ్రి ఆమెను చూసి అందరి ఎదుటా టోపీ తీసి వంగి నమస్కరించారు. తనలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని ఆ పాపకు అప్పుడు అర్థమైంది.

1881లో ఆమె రాక్‌ఫర్డ్‌లో చదువు పూర్తి చేశారు. అదే ఏడాది తండ్రి చనిపోయారు. డాక్టరు కావాలని వైద్య కళాశాలలో చేరినా అనారోగ్యం వల్ల మానేయాల్సి వచ్చింది. ఏం చేయాలో తోచక చాలా ఏళ్లు గడిచాయి. 1888లో లండన్‌లో టాయిన్‌బీ హాల్ చూశారు. అక్కడ చదువుకున్న యువకులు పేదల పేటలోనే కాపురం ఉండి, వాళ్లకు చదువు చెబుతూ సాయపడేవారు. తానూ అలాగే బతకాలని జేన్ నిశ్చయించుకున్నారు.

మనకు షికాగో అనగానే 1893లో వివేకానందుడు ప్రసంగించిన నగరం గుర్తుకొస్తుంది. ఆ రోజుల్లో ఆ నగరంలో ప్రతి నలుగురిలో ముగ్గురు వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లు, లేదా వాళ్ల పిల్లలు. ఇటలీ, జర్మనీ, పోలండ్, రష్యా, గ్రీసు దేశాలవారు ఇరుకు గదుల్లో బతికేవారు. 1889 సెప్టెంబరు 18న జేన్, ఆమె స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్ ఆ పేటలోని హాల్‌స్టెడ్ వీధిలో ఒక పాత భవంతిలో కాపురం పెట్టారు. దాని పేరు హల్ హౌస్.

తెల్లవారగానే పనికి పోయే తల్లులు పిల్లలను ఎక్కడ వదలాలి? అందుకని హల్ హౌస్‌లో శిశు సంరక్షణ కేంద్రం, చిన్నపిల్లల బడి పెట్టారు. సాయంత్రాలు పెద్దవాళ్లకు ఇంగ్లీషు, వంట, కుట్టుపని నేర్పే తరగతులు జరిగేవి. మొదటి క్రిస్మస్‌కు పిల్లలకు మిఠాయిలు పంచితే కొందరు ఆడపిల్లలు వద్దన్నారు. ఆరా తీస్తే, వాళ్లు ఆరు వారాలుగా మిఠాయి కార్ఖానాలో ఉదయం ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా పని చేస్తున్నారని తెలిసింది. వాళ్లకు మిఠాయి కంటపడితేనే వెగటు పుట్టేది. హల్ హౌస్‌లో ఉండే ఫ్లారెన్స్ కెల్లీ, ఆమె తోటివారు పట్టుబట్టి పోరాడడంతో 1893లో 14 ఏళ్ల లోపు పిల్లలను కార్ఖానాల్లో పెట్టకూడదని ఇలినాయ్‌లో చట్టం వచ్చింది.

ఒంటరిగా అద్దె గదుల్లో ఉండే కార్మిక యువతుల బాధ వేరు. సమ్మె చేస్తే ముందుగా లొంగిపోయేది వాళ్లే, ఎందుకంటే గది అద్దె కట్టలేకపోతే వీధిన పడాలి. వాళ్ల కోసం జేన్ క్లబ్ అనే వసతి గృహం మొదలైంది. మొదటి నెల అద్దె మాత్రమే హల్ హౌస్ ఇచ్చింది. ఆ తర్వాత ఖర్చులన్నీ ఆ యువతులే పంచుకుని, తామే నడుపుకున్నారు.

వీధుల్లో చెత్త కుళ్లి పిల్లలు జబ్బుపడుతుంటే, హల్ హౌస్ మహిళా సంఘం సభ్యులు సందుసందూ తిరిగి రెండు నెలల్లో వెయ్యికి పైగా ఫిర్యాదులు నమోదు చేశారు. 1895లో జేన్ స్వయంగా ఆ వార్డుకు చెత్త తనిఖీ అధికారి అయ్యారు. ఉదయం ఆరింటికే లేచి చెత్తబండ్ల వెంట నడిచేవారు.

ఇంతకన్నా కనిపించని కష్టం ఒకటి ఉండేది. పిల్లలు బడికి వెళ్లి తొందరగా ఇంగ్లీషు నేర్చుకునేవారు. తల్లులకు అది రాదు. తలకు రుమాలు కట్టుకుని, తమ ఊరి బట్టలతో తిరిగే తల్లిని చూసి పిల్లలు సిగ్గుపడేవారు. ఇది గమనించి జేన్ 1900లో హల్ హౌస్‌లో శ్రమ ప్రదర్శనశాల పెట్టారు. సిరియా, గ్రీసు, ఇటలీ, రష్యా, ఐర్లండ్ దేశాల స్త్రీలు తమ పద్ధతుల్లో నూలు వడికి అక్కడ చూపించేవారు. ఇటలీ నుంచి వచ్చిన ఒక తల్లి అక్కడ చేతి కదురుతో వడికేది. అదే సాయంత్రం ఆమె కూతురు వంట తరగతికి వచ్చేది. ఆ తల్లి కూతురినని ఎవరికీ తెలియకుండా, పక్క తలుపు గుండా వేరుగా లోపలికి వెళ్లేది. ఒకరోజు టీచర్లు కొందరు తల్లి చుట్టూ చేరి ఆమె పనితనాన్ని మెచ్చుకోవడం కూతురు చూసింది. దాంతో మంచం కింద పెట్టెలో దాచిన, అమ్మ ఊళ్లో నేసిన బట్టలు బయటికి తీయనిచ్చింది. ఆ తర్వాత తల్లీ కూతుళ్లు ఒకే తలుపు గుండా కలిసి వచ్చారు.

1908లో జేన్, ఆమె తోటివారు వలసదారుల రక్షణ సంఘం స్థాపించారు. భాష రాక, చిరునామా దొరక్క రైల్వే స్టేషన్లలో తప్పిపోయే యువతులను ఆ సంఘం వారు కలుసుకుని జాగ్రత్తగా బంధువుల ఇళ్లకు చేర్చేవారు.

మొదటి ప్రపంచ యుద్ధం వద్దన్నందుకు ఎందరో ఆమెను దేశద్రోహి అని నిందించారు. ఆమె మాట మార్చుకోలేదు. 1931లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు. ఆ గౌరవం పొందిన తొలి అమెరికన్ మహిళ ఆమే. 1935 మే 21న కన్నుమూశారు. ఆమెను కడసారి చూడడానికి వేల మంది హల్ హౌస్‌కు తరలివచ్చారు.

బదిలీల మీద ఊళ్లు మారే మనకు కొత్త భాష తొందరగానే వచ్చేస్తుంది. అమ్మకూ, మనతో వచ్చిన అమ్మమ్మకూ కొంచెం ఆలస్యమవుతుంది. మార్కెట్లో వాళ్ల పక్కనే నిలబడి మాట కలుపుదాం. ఈసారి సామాన్లు విప్పేటప్పుడు, పెట్టె అడుగున వాళ్లు దాచుకున్నది ఏమిటో, దాని వెనుక కథేమిటో అడిగి తెలుసుకుందాం.