పాట చివర తన పేరు చెప్పుకున్న గౌహర్ జాన్

భీమవరంలో అయినా ఇంకెక్కడైనా, పెద్ద ఇత్తడి గొట్టం ఉన్న పాత పెట్టె కనిపిస్తే మనవాళ్లు గ్రామఫోన్ అనేస్తారు. దానికంటే ముందొచ్చిన ఫోనోగ్రాఫ్ వేరు. ఎడిసన్ 1877లో చేసిన ఆ మిషన్‌లో పళ్లెం లాంటి రికార్డు ఉండదు, సిలిండర్ తిరుగుతుంది. మొదట దానికి తగరపు రేకు చుట్టేవారు, తర్వాత మైనపు సిలిండర్లు వచ్చాయి. వాటిని సేకరించేవాళ్లకి కంటిమీద కునుకుండదు. బూజు పడతాయి, ఎండకి పాడవుతాయి, చెయ్యి జారితే ముక్కలే. కలకత్తాలో హేమేంద్ర మోహన్ బోస్ ఠాగూర్ గొంతుని పట్టింది ఇలాంటి సిలిండర్ల మీదే. వాటిలో చాలావరకు ఇవాళ లేవు.

అదే ఊళ్లో, అదే కాలంలో పాడిన గౌహర్ జాన్ గొంతు మాత్రం నిలిచింది. ఆమె పాట పళ్లెం రికార్డుకెక్కింది మరి.

ఆమె 1873లో ఆజంగఢ్‌లో పుట్టారు. అప్పటి పేరు ఏంజెలీనా. తండ్రి రాబర్ట్ ఆర్మీనియా వంశస్థుడు, తల్లి విక్టోరియా. వాళ్ల కాపురం నిలవలేదు. తల్లి కూతుర్ని తీసుకుని బనారస్ చేరి ఇస్లాం స్వీకరించారు. ఆవిడ మల్కా జాన్, పిల్ల గౌహర్ జాన్ అయ్యారు. 1883లో కలకత్తా వెళ్లారు. రాజ్యం పోయి మటియాబుర్జ్‌లో ఉంటున్న నవాబు వాజిద్ అలీ షా కొలువులో తల్లికి చోటు దొరికింది. గౌహర్‌కి పాటలో తాలీం, బిందాదీన్ మహారాజ్ దగ్గర కథక్. 1887లో దర్భంగా దర్బారులో తొలి కచేరీ.

1902 నవంబర్ 11న కలకత్తాలో ఒక హోటల్ గదిలో గైస్‌బర్గ్ అనే దొర ఆమె పాటని రికార్డు చేశాడు. మైకుల్లేని రోజులు. గొట్టంలోకి తలపెట్టి గట్టిగా పాడాలి. గంటసేపు సాగే రాగాన్ని మూడు నిమిషాల్లో ముగించాలి. చాలామంది ఉస్తాద్‌లు భయపడి దూరంగా ఉన్న పని అది. గౌహర్ చేసి చూపించారు. పాట అవగానే ఇంగ్లీషులో తన పేరు చెప్పేవారు. రికార్డు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. పాడిందెవరో అక్కడివాళ్లకి తెలియాలిగా! అలా పదికి పైగా భాషల్లో దాదాపు 600 పాటలిచ్చారు. 1911 ఢిల్లీ దర్బారులో అలహాబాద్ జానకీ బాయితో కలిసి పాడారు.

ఊరూరా తన పేరు వినిపించిన ఈ మనిషికే, తానెవరి బిడ్డో కోర్టులో రుజువు చేసుకోవాల్సి వచ్చింది. 1906లో తల్లి పోయాక, వాళ్లింట్లోనే పెరిగిన పనిమనిషి కొడుకు భగ్లూ తానే అసలు వారసుడినంటూ కేసు వేశాడు. చిన్నప్పుడే దూరమైన తండ్రిని వెతికి పట్టుకుని సాక్ష్యం చెప్పించాల్సి వచ్చింది. గెలిచారు. కానీ తర్వాత నమ్మిన సెక్రటరీ అబ్బాస్‌తో మళ్లీ కోర్టు గొడవలు. సంపాదించిందంతా హారతి కర్పూరమైంది.

1928లో మైసూరు మహారాజా నాల్గవ కృష్ణరాజ ఒడయార్ పిలిచి ఆస్థాన విద్వాంసురాలిగా పెట్టుకున్నారు. 1930 జనవరి 17న అక్కడే ఇంతెఖాల్ అయ్యారు.

ఇప్పుడు పాతసామాను బజార్లలో మెరిసే గొట్టాల గ్రామఫోన్లు చాలామటుకు పాత మోటారుకి కొత్త పెట్టె, కొత్త గొట్టం తగిలించినవే. డబ్బు పెట్టేముందు చూసుకోండి. మీ అటక మీద నిజంగానే ఆ కాలపు రికార్డు ఉంటే మాత్రం స్పిరిట్‌తో తుడవకండి. అది లక్కతో చేసింది, కరిగిపోతుంది.