పరీక్షకు రెండు రోజుల ముందు

1899 జూన్ నెలాఖరు. అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక అమ్మాయి కాలేజీ ప్రవేశ పరీక్షలకు చదువుతోంది. పరీక్ష రెండు రోజులు ఉందనగా ఆమె చేతికి పాత ఆల్జీబ్రా ప్రశ్నపత్రం ఒకటి వచ్చింది. చుక్కలను వేళ్లతో తడిమి చదివే బ్రెయిలీ లిపిలో ఉంది. చదవబోయి ఆమె నిర్ఘాంతపోయింది. అందులోని గుర్తులు తనకు తెలిసినవి కావు. లెక్కలు వచ్చు, లెక్కలు రాసిన పద్ధతి రాదు.

ఆ అమ్మాయి హెలెన్ కెల్లర్. చూపు, వినికిడి రెండూ లేకుండా డిగ్రీ సాధించిన తొలి వ్యక్తిగా ఆమెను మన పిల్లలు పాఠాల్లో చదువుకుంటారు. ఆ డిగ్రీ వెనుక పట్టుదల ఎంత ఉందో, ఎవరెవరినో అడిగి చేయించుకున్న చిన్న చిన్న ఏర్పాట్లు కూడా అంతే ఉన్నాయి. తల్లిదండ్రులుగా మనం తెలుసుకోవలసింది ఆ రెండో సంగతి.

అమ్మ చదివిన ఒక పుస్తకం

హెలెన్ 1880 జూన్ 27న అలబామా రాష్ట్రంలోని టస్కంబియా అనే చిన్న ఊళ్లో పుట్టింది. పంతొమ్మిది నెలల వయసులో తీవ్రమైన జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది కానీ చూపు, వినికిడి పోయాయి. కావలసినవి సైగలతో అడిగేది. అర్థం కాకపోతే కిందపడి దొర్లేది, చేతికందింది విసిరేది. ఒకసారి తల్లిని గదిలో పెట్టి తాళం వేసింది. చెల్లెలు మిల్డ్రెడ్ పడుకున్న ఊయలను ఒకరోజు తలకిందులు చేసేసింది. ఇక ఈ పిల్ల ఇంతేనని బంధువులు అనుకునే దశ అది.

తల్లి కేట్ అలా అనుకోలేదు. ఇంగ్లీష్ రచయిత చార్లెస్ డికెన్స్ 1842లో చేసిన అమెరికా యాత్ర గురించి రాసిన పుస్తకం ఆమె చదివింది. అందులో బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చదువుకున్న లారా బ్రిడ్జ్‌మన్ ప్రస్తావన ఉంది. లారాకు కూడా చూపూ వినికిడీ లేవు. అయినా వేళ్లతో భాష నేర్చుకుంది. లారాకు నేర్పిన డాక్టర్ అప్పటికే చనిపోయారు. కానీ ఒక పిల్లకు సాధ్యమైందంటే మరో పిల్లకూ సాధ్యం కావచ్చన్న ఆశ తల్లి మనసులో నిలిచిపోయింది.

1886లో తండ్రి ఆర్థర్ కెల్లర్ ఆరేళ్ల హెలెన్‌ను రైల్లో బాల్టిమోర్ తీసుకెళ్లి కంటి డాక్టర్‌కు చూపించారు. చూపు రాదని ఆ డాక్టర్ చెప్పారు. అయితే చదువు చెప్పించవచ్చని, వాషింగ్టన్ వెళ్లి అలెగ్జాండర్ గ్రాహంబెల్‌ను కలవమని సలహా ఇచ్చారు. టెలిఫోన్ కనిపెట్టిన బెల్‌కు బధిరుల చదువే జీవితకాల వ్యాపకం. ఆయన పెర్కిన్స్ పాఠశాలకు ఉత్తరం రాయమన్నారు. రాశారు. 1887 మార్చి 3న ఆ పాఠశాల పూర్వ విద్యార్థిని యాన్ సలివాన్ టస్కంబియాలో దిగారు. ఆమె వయసు ఇరవై ఏళ్లు. చిన్నప్పుడు చూపు దాదాపు పోయి, ఆపరేషన్లతో కొంత తిరిగి వచ్చిన మనిషి.

పుస్తకం, డాక్టర్, శాస్త్రవేత్త, పాఠశాల, చివరికి టీచర్. ఒక్కొక్కరూ తాము చేయలేనిది చెబుతూనే తర్వాతి తలుపు చూపించారు. తల్లిదండ్రులు చేసింది ఎక్కడా ఆగకపోవడమే.

నెల రోజుల తర్వాత పంపు దగ్గర నీళ్లు ఒక చేతి మీద పడుతుండగా యాన్ రెండో అరచేతిలో నీరు అనే మాటను అక్షరాలుగా రాయడం, ప్రతి వస్తువుకూ పేరుందని హెలెన్‌కు తట్టడం అందరికీ తెలిసిన కథే.

మంచి ప్రిన్సిపాల్, ఆలస్యమైన పుస్తకాలు

1896లో హెలెన్ బోస్టన్ దగ్గరి కేంబ్రిడ్జ్ బాలికల పాఠశాలలో చేరింది. చూపూ వినికిడీ ఉన్న పిల్లలతో కలిసి చదవడం ఆమెకు అదే మొదలు. ఖర్చులకు ఇబ్బంది రాకుండా రచయిత మార్క్ ట్వేన్ తన ధనిక మిత్రుణ్ణి ఒప్పించారు. క్లాసులో టీచర్ చెప్పిందంతా యాన్ పక్కన కూర్చుని హెలెన్ అరచేతిలో అక్షరం అక్షరం రాసేవారు. ప్రిన్సిపాల్ ఆర్థర్ గిల్మన్, జర్మన్ టీచర్ స్వయంగా ఆ వేళ్ల భాష నేర్చుకున్నారు.

1897లో తొలి విడత ప్రవేశ పరీక్షలు వచ్చాయి. టైప్‌రైటర్ చప్పుడు ఇతరులకు ఇబ్బంది కాకూడదని హెలెన్‌కు విడిగా గది ఇచ్చారు. ప్రిన్సిపాలే ప్రశ్నలను ఆమె చేతిలో రాశారు. ఆమె టైప్ చేసిన జవాబులను తిరిగి చదివి వినిపించినట్టే చేతిలో రాస్తే, తప్పులు దిద్దుకుంది. అన్నింటిలో పాసైంది. జర్మన్, ఇంగ్లీష్‌లలో ఆనర్స్ వచ్చింది.

రెండో ఏడాది అదే బడి, అదే అమ్మాయి, అదే ప్రిన్సిపాల్. కానీ లెక్కలు, సైన్స్ మొదలయ్యాయి. పుస్తకాలు బ్రెయిలీలో సమయానికి రాలేదు. లెక్కలకు కావలసిన పరికరాలు అందలేదు. క్లాసులు పెద్దవి, టీచర్లకు విడిగా చెప్పే తీరిక లేదు. జామెట్రీ బొమ్మలను దిండు మీద తీగలతో పేర్చుకుని, ఏ మూలకు ఏ అక్షరమో గుర్తుపెట్టుకోవాలి. హెలెన్ వెనకబడింది. పుస్తకాలు, పరికరాలు వచ్చాక మళ్లీ పుంజుకుంది.

అప్పటికే ప్రిన్సిపాల్ ఒక నిర్ణయానికి వచ్చేశారు. పిల్ల మీద భారం ఎక్కువైంది, చదువును ఇంకొన్నేళ్లు సాగదీయాలి అని. ఆయన చెడ్డవారు కాదు. ఆమె కోసం వేళ్ల భాష నేర్చుకున్న మనిషే. కానీ ఏర్పాటు ఆలస్యమైనప్పుడు చూసేవాళ్లకు పిల్లే ఆలస్యంగా ఉన్నట్టు కనిపిస్తుంది. యాన్‌కు, ప్రిన్సిపాల్‌కు మధ్య అభిప్రాయభేదం ముదిరింది. తల్లి కేట్ వచ్చి చూసింది. కూతుళ్లిద్దరినీ ఆ బడి మాన్పించి, హెలెన్‌కు ప్రైవేటుగా ట్యూటర్‌ను ఏర్పాటు చేసింది. విడిగా, తన వేగంతో నేర్చుకుంటే భయపడిన లెక్కలే హెలెన్‌కు తేలికయ్యాయి.

గుర్తులు మారిన రోజు

మళ్లీ 1899కి వద్దాం. ఈసారి ప్రశ్నలు చదివి చెప్పడానికి యాన్‌ను అనుమతించలేదు. పెర్కిన్స్ పాఠశాల టీచర్ ఒకరు ప్రశ్నపత్రాలను అమెరికన్ బ్రెయిలీలోకి మార్చి ఇస్తారు. ఆయనకు హెలెన్ కొత్త, వేళ్ల భాష రాదు. హెలెన్ ఆల్జీబ్రా నేర్చుకున్నది ఇంగ్లీష్ బ్రెయిలీలో. రెండింటిలో లెక్కల గుర్తులు వేరు. ఆమె వెంటనే ఉత్తరం రాసి గుర్తుల పట్టిక తెప్పించుకుంది. పరీక్ష ముందు రాత్రి వరకూ బ్రాకెట్, రూట్ గుర్తుల మధ్య తడబడుతూనే ఉంది. పరీక్షలో ప్రతి లెక్కనూ మళ్లీ మళ్లీ తడిమి చదవాల్సి వచ్చింది. రాసింది తిరిగి చదివి చెప్పేవారు కూడా లేరు.

అయినా పాసైంది. 1900లో రాడ్‌క్లిఫ్ కాలేజీలో చేరి, 1904లో ఆనర్స్‌తో డిగ్రీ అందుకుంది. 1968 జూన్ 1న కన్నుమూసే దాకా రచనలతో, ప్రసంగాలతో దేశదేశాల్లో వికలాంగుల పక్షాన నిలిచింది. 1955లో మన దేశానికీ వచ్చింది.

హెలెన్‌ను ఇబ్బంది పెట్టిన ఆ లిపుల గందరగోళం ఒకప్పుడు మన దగ్గరా ఉండేది. 1951లో భారతీ బ్రెయిలీ వచ్చాక తెలుగుతో సహా భారతీయ భాషలన్నిటికీ ఒకే పద్ధతి ఏర్పడింది.

జూన్‌లో అడగండి

ఇవాళ మన పిల్లలకు చట్టం అండ ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చూపు, వినికిడి లోపాలతో పాటు ఆటిజం, డిస్లెక్సియా వంటి అభ్యసన ఇబ్బందులూ అందులో ఉన్నాయి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడులు కూడా ఈ పిల్లలను చేర్చుకోవాలి, అవసరమైన ఏర్పాట్లు చేయాలి. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం స్క్రైబ్‌కు అర్హులైన వారికి గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఉంది. అంటే మూడు గంటల పేపరుకు మరో గంట.

హక్కు ఉన్నా, అది పరీక్ష గదిలో పనికిరావాలంటే ముందే అడగాలి. సర్టిఫికెట్, బోర్డుకు దరఖాస్తు, స్క్రైబ్ ఎంపిక, పిల్లకు ఆ స్క్రైబ్‌తో అలవాటు, వీటన్నిటికీ నెలలు పడతాయి. బడి తెరిచిన జూన్‌లోనే క్లాస్ టీచర్‌తో కూర్చోండి. మా పిల్లను కాస్త చూసుకోండి అని ఊరుకోకండి. బోర్డుకు ఎంత దగ్గరగా కూర్చోబెట్టాలి, ప్రశ్న ఎవరు చదివి చెప్పాలి, ఎంత సమయం కావాలి అని విడివిడిగా చెప్పండి. ఒప్పుకున్నవి కాగితం మీద పెట్టించండి. యూనిట్ టెస్టుల్లోనే అమలు చేయించండి.

ఒకవేళ మీ పిల్ల వెనకబడిందని మేమే మీకు చెబితే, ఒక్క ప్రశ్న తిరిగి అడగండి. మేము ఇస్తామన్న ఏర్పాట్లన్నీ ఆ పిల్లకు సమయానికి అందాయా అని. కేట్ కెల్లర్ బోస్టన్ దాకా వచ్చి చూసుకున్నది అదే.