వైస్ అడ్మిరల్ రామదాస్ కటారి

మన బేతమంగళ చెరువును నింపు పాలారు నంది కొండలలో పుట్టి, కుప్పము ప్రాంతము మీదుగా తమిళదేశము ప్రవేశించి, చెంగల్పట్టు సీమలో బంగాళాఖాతమును చేరును. ఆ చెంగల్పట్టులోనే 1911వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన రామదాస్ కటారి జన్మించిరి. స్వతంత్ర భారత నౌకాదళమునకు ప్రధానాధిపతియైన తొలి భారతీయుడు ఈయనయే.

పుట్టినది సముద్రతీరమునకు సమీపమున నైనను, ఆయన చదివినది సముద్రము కానరాని దక్కనులో. సికింద్రాబాదునందలి మహబూబు కళాశాల ఉన్నత పాఠశాలలోను, పిదప హైదరాబాదు నిజాము కళాశాలలోను విద్య సాగెను. అమెరికా యాత్రకు ముందు, 1893లో, స్వామి వివేకానందులు ఉపన్యసించినది ఈ మహబూబు కళాశాలలోనే. తమిళదేశమున పుట్టి, తెలుగును ఉర్దూయును కలిసి వినవచ్చు నగరమున పెరిగిన ఆ బాలుడు పదునారవ యేట బొంబాయి చేరెను.

అప్పటి పరిస్థితిని విద్యార్థులు గ్రహింపవలెను. కోరంగి మొదలగు రేవులలో మనవారు పూర్వము ఓడలను కట్టిరి, నడపిరి. ఆవిరి ఓడలు వచ్చిన పిమ్మట మనవారికి మిగిలినవి కళాసి, సరంగు ఉద్యోగములే. ఓడపై నిలిచి ఆజ్ఞ యిచ్చు అధికారము తెల్లవారిది. భారతీయ బాలురకు ఆ విద్య నేర్పవలెనని దేశనాయకులు చిరకాలము కోరగా, 1927లో డఫరిన్ అను శిక్షణనౌకను బొంబాయి రేవులో ఏర్పరచిరి. అది 1904లో నిర్మితమైన పాత సైనిక రవాణా నౌక. దానిలో చేరిన మొదటి జట్టులో కటారి యొకరు.

డఫరిన్ ఆవిరి నౌకయే. కాని అందలి బాలురు చిన్న పడవలను దింపి, తెడ్లు వేయుటయు తెరచాప ఎత్తుటయు నేర్చెడివారు. యంత్రముల కాలమున ఈ పాత విద్య ఏల యని తల్లిదండ్రులు అడుగవచ్చును. గాలికి ఎదురుగా తెరచాప పడవ సూటిగా పోజాలదు. కుడికి కొంత, ఎడమకు కొంత, వంకరటింకరగా సాగి గమ్యము చేరవలెను. గాలి ఉన్నట్టుండి విసరినపుడు తెరచాప త్రాడును వదలుటలో ఒక్క క్షణము ఆలస్యమైనను పడవ తలక్రిందులగును. చుక్కాని పట్టినవాడొకడు, త్రాడు పట్టినవాడింకొకడు. ఇరువురి మనసు ఒకటి కానిచో పడవ నిలువదు. చేసిన తప్పు ఉపాధ్యాయుడు దిద్దువరకు ఆగదు, వెంటనే నీటిలో తెలిసిపోవును. వేల టన్నుల యుద్ధనౌకయైనను రేవుగట్టును మెల్లగా సమీపించునపుడు గాలికిని ప్రవాహమునకును ఆ పడవవలెనే లొంగును. యంత్రము గాలిని మరపించును గాని తొలగింపలేదు. నౌకాధికారి కాగోరువాడు మొట్టమొదట నేర్వవలసినది ఇదియేనని నా అభిప్రాయము.

ఇది అపాయము లేని విద్య యనుట తగదు. 1932 జూలైలో జర్మను నౌకాదళపు తెరచాప శిక్షణనౌక నియోబె బాల్టిక్ సముద్రమున ఒక్క గాలిదెబ్బకు మునిగి, 69 మంది మరణించిరి. వారిలో పలువురు విద్యార్థులే. అయినను ఆ దేశము తెరచాప శిక్షణను విడువక, మరుసటి యేడే మరింత భద్రమైన నూతన నౌకను నిర్మించెను.

కటారి డఫరిన్‌లో ప్రథమశ్రేణిలో నుత్తీర్ణులై వైస్రాయి బంగారు పతకమును పొందిరి. తరువాత కలకత్తా రేవువారి హుగ్లీ నదీ సర్వేలో చేరిరి. హుగ్లీ మాయలమారి నది. దాని ఇసుకతిన్నెలు నేడున్న చోట రేపుండవు. జేమ్స్ అండ్ మేరీ అను తిన్నె ఎన్ని ఓడలను మ్రింగినదో! అట్టి నదిలో లోతులు కొలిచి, ఓడలకు దారి గుర్తించుట సామాన్యమైన పని కాదు. నీటిని చూచి దాని మనసెరుగు శక్తి ఆయనకు ఇచట మరింత పదునెక్కి యుండును.

రెండవ ప్రపంచయుద్ధము రాగా నౌకాదళపు రిజర్వులో చేరి, అట్లాంటిక్, హిందూ మహాసముద్రములలో పనిచేసిరి. స్వాతంత్ర్యానంతరము రాజపుత్ అను విధ్వంసక నౌకకు నాయకులైరి. 1956లో భారత నౌకాశ్రేణికి అధిపతియైన మొదటి భారతీయులైరి. 1958 ఏప్రిల్ 22వ తేదీన సర్ స్టీఫెన్ కార్లిల్ నుండి ప్రధానాధిపత్యమును స్వీకరించిరి.

ఇక్కడ ఒక్క విషయము గమనింపదగినది. మన పదాతిదళమునకు 1949లోనే, వైమానికదళమునకు 1954లో భారతీయులు అధిపతులైరి. నౌకాదళము 1958 వరకు వేచియుండెను. స్వాతంత్ర్యము వచ్చునాటికి నౌకాదళమున తగినంత అనుభవము గల భారతీయ అధికారులు మిక్కిలి తక్కువ. తెరచాప త్రాడు పట్టిన బాలుడు నౌకాదళాధిపతి యగుటకు ముప్పది యొక్క సంవత్సరములు పట్టెను. ఆ శిక్షణను దేశము మరి ఇరువదియేండ్లు ముందు ప్రారంభించియున్నచో ఈ నిరీక్షణ తప్పెడిది.

ఆయన కాలముననే, 1961 మార్చిలో, విక్రాంత్ అను విమానవాహక నౌక మన దళమున చేరెను. ఆ డిసెంబరులో గోవా విమోచనమున నౌకాదళము పాల్గొనెను. 1962లో ఆయన పదవీవిరమణ చేసిరి. పిదప ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు అధ్యక్షులై, నౌకలు నడపిన చేతితో బస్సుల వ్యవహారమును నడపిరి! 1964 నుండి 1969 వరకు బర్మాలో భారత రాయబారిగా నుండిరి. 1983 జనవరి 21న, తాను చదివిన సికింద్రాబాదులోనే కన్నుమూసిరి.

నౌకాదళము 1997లో తరంగిణి అను మూడు స్తంభముల తెరచాప నౌకను శిక్షణకై ప్రవేశపెట్టెను. 2017 సెప్టెంబరులో ఆరుగురు మహిళాధికారులు తారిణి అను చిన్న తెరచాప పడవపై గోవా నుండి బయలుదేరి, హారన్ అగ్రమును చుట్టి, 254 దినములలో భూప్రదక్షిణము ముగించి 2018 మే 21న తిరిగివచ్చిరి. వారిలో విశాఖపట్టణపు స్వాతి యొకరు. కటారి చదివిన హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య మరియొకరు.