విద్యాసాగరుని ఉపక్రమణిక: బాలుర వ్యాకరణబోధకు అంకితమైన ఒక జీవితము

సంస్కృతాధ్యయనమునకు వ్యాకరణము ద్వారమని పెద్దలందరు అంగీకరింతురు. ఆ ద్వారమునొద్ద బాలుని చేతికీయదగిన మొదటి గ్రంథమేది అను విషయమున మాత్రము అభిప్రాయభేదములు కలవు. నిత్యము గురుసన్నిధిలో నుండు విద్యార్థికి ఈ ప్రశ్న అంత క్లేశకరము కాదు. గ్రంథమున కొరవడినది గురుముఖమున లభించును. ఇంటియందే చదువుకొనుచు, పెద్దల పర్యవేక్షణము దినమునకు ఒకటి రెండు గడియలు మాత్రమే పొందగల తొమ్మిది మొదలు పండ్రెండేండ్ల బాలునికి గ్రంథనిర్ణయమే సగము చదువు. పందొమ్మిదవ శతాబ్దిలో ఈ ప్రశ్నకు గ్రంథరూపమున సమాధానమొసగినవాడు ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు. సంఘసంస్కర్తగా ఆయన కీర్తి దిగంతవ్యాప్తమగుటచే, వ్యాకరణబోధకుడుగా ఆయన చేసిన కృషి ఆ కీర్తిచాటున కొంత మరుగుపడినది.

ఈశ్వరచంద్రుడు 1820వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన వంగదేశమున బీర్‌సింహ గ్రామమునందు జన్మించెను. తండ్రి ఠాకుర్‌దాస్ వందోపాధ్యాయుడు, తల్లి భగవతీదేవి. కులమర్యాద గలదు గాని ధనము లేదు. తండ్రి కలకత్తానగరమున స్వల్పవేతనమునకు ఉద్యోగము చేయుచుండెను. కుమారుడు సంస్కృతపండితుడై స్వగ్రామమున చతుష్పాఠి నెలకొల్పవలెనని ఆయన కోరిక. గ్రామపాఠశాలలో అక్షరాభ్యాసము ముగిసిన పిదప 1828లో తండ్రి కుమారుని వెంటనిడుకొని కాలినడకన కలకత్తాకు బయలుదేరెను. దారిపొడవున మైలురాళ్లపై చెక్కబడిన ఇంగ్లీషు అంకెలను చూచి బాలుడు వాటిని తనంతతానే నేర్చుకొనెను. తండ్రి పరీక్షింపదలచి ఆరవ మైలురాయిని బాలుని కంటబడనీయక, తరువాతి రాయిని చూపి అది ఎంతయని అడిగెను. ఇది ఆరు కావలసినది, పొరపాటున ఐదు చెక్కిరని బాలుడు బదులు చెప్పెనట. ఈ కథ అందరెరిగినదే అయినను దీనియందు ఒక బోధరహస్యము కలదు. పాఠము క్రమబద్ధముగా నున్నయెడల బాలుడు తన తప్పును గాక పాఠపు తప్పునుగూడ తానే కనిపెట్టగలడు. తండ్రి అడిగినది ఒక్క ప్రశ్న మాత్రమే.

1829 జూన్ 1వ తేదీన ఈశ్వరచంద్రుడు కలకత్తా సంస్కృత కళాశాలలో వ్యాకరణశ్రేణి ప్రవేశించెను. అప్పటికి ఆయనకు తొమ్మిదవయేడు నడచుచుండెను. గురువు గంగాధర తర్కవాగీశుడు. పాఠ్యగ్రంథము ముగ్ధబోధము. పదమూడవ శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆస్థానమునకు చెందిన వోపదేవుడు రచించిన ఈ వ్యాకరణము వంగదేశమున మిక్కిలి ప్రచారము నొందెను. పేరు ముగ్ధులకు బోధ కలిగించునని చెప్పుచున్నను, సూత్రములు అత్యంతసంక్షిప్తములు. సంజ్ఞలు పాణినీయమునకు భిన్నములు. సంస్కృతము తెలియని బాలుడు సంస్కృతము నేర్చుకొనుటకై సంస్కృతభాషలోనే వ్రాయబడిన సూత్రములను అర్థమెరుగకయే కంఠస్థము చేయవలసియుండెను. ఈశ్వరచంద్రుడు మూడేండ్లు ఈ గ్రంథమును చదివి, తరువాత అమరకోశమును, భట్టికావ్యభాగమును అభ్యసించెను.

ఆ మూడేండ్లలో పర్యవేక్షణమునకు లోటు లేదు. పగలు గురువు, రాత్రి తండ్రి. ఠాకుర్‌దాస్ ప్రొద్దుపోయి ఇల్లు చేరి, నాటి పాఠమును అప్పగింపించుకొనెడివాడు. తప్పు దొరలినచో దండించెడివాడు. బాలుడు అసాధారణ మేధావి యగుటచే ఆ కాఠిన్యమును దాటి నిలిచెను. సామాన్యుడైన బాలుని గతి ఏమి అను ప్రశ్నకు ఆయన ఉత్తరకాలపు గ్రంథములే సమాధానము.

సాహిత్యమును జయగోపాల తర్కాలంకారునియొద్దను, అలంకారశాస్త్రమును ప్రేమచంద్ర తర్కవాగీశునియొద్దను చదివి, వేదాంత స్మృతి న్యాయములను గూడ అభ్యసించి, విద్యాసాగర బిరుదముతో ఆయన 1841లో కళాశాల విడిచెను. ఆ సంవత్సరాంతముననే ఫోర్టు విలియం కళాశాలలో ప్రధానపండితుడుగా నియుక్తుడయ్యెను.

ఈ కాలమున రాజకృష్ణ వందోపాధ్యాయుడను యువకుడు, మేఘదూతపఠనము విని, తనకును సంస్కృతము నేర్పుమని విద్యాసాగరుని ప్రార్థించెను. ఆయన ఇంగ్లీషు చదువు విడిచినవాడు. ముగ్ధబోధమునకు ఏండ్లతరబడి కాలము వెచ్చింపజాలడు. విద్యాసాగరునికి ఉద్యోగభారము, గురువుగా ఈయగల సమయము స్వల్పము. శిష్యునికి కాలము లేదు, గురువునకు తీరిక లేదు. ఈ రెండు లేములనుండియే కొత్త గ్రంథము పుట్టినది. వ్యాకరణమున అత్యావశ్యకములైన విషయములను వంగభాషలో సంగ్రహించి, కాగితములపై వ్రాసి, ఆ వ్రాతప్రతితోనే పాఠము ప్రారంభించెను. రాజకృష్ణుడు స్వల్పకాలముననే వ్యాకరణము గ్రహించి సంస్కృతపరీక్షలలో ఉత్తీర్ణుడయ్యెను.

1850 డిసెంబరులో విద్యాసాగరుడు సంస్కృత కళాశాలలో సాహిత్యాచార్యుడయ్యెను. ఆ మాసముననే కళాశాల పాఠప్రణాళికను గూర్చి అధికారులకు నివేదిక సమర్పించెను. ముగ్ధబోధమును తొలగించి, ప్రథమపాఠములను మాతృభాషలో నేర్పి, వెంటనే సులభమైన సంస్కృతగద్యపద్యములు చదివించి, పరిణతి కలిగిన తరువాత సిద్ధాంతకౌముదిని పాఠముగా నుంచవలెనని అందలి సారాంశము. 1851 జనవరిలో ఆయన కళాశాలాధ్యక్షుడయ్యెను. ఆ సంవత్సరముననే సంస్కృతవ్యాకరణ ఉపక్రమణిక ప్రకటితమయ్యెను. పంచతంత్ర, రామాయణ, హితోపదేశ, విష్ణుపురాణ, మహాభారతాదులనుండి ఏర్చికూర్చిన ఋజుపాఠము మూడు భాగములుగా వెలువడెను. వ్యాకరణకౌముది మొదటి రెండు భాగములు 1853లోను, మూడవది 1854లోను, నాల్గవది 1862లోను వెలువడినవి.

ఈ గ్రంథశ్రేణి స్వల్పపర్యవేక్షణమునకు ఎట్లు అనుకూలించినదో ఉదాహరణముచే గ్రహింపవచ్చును. రామః అను రూపమును ప్రక్రియానుసారము సాధింపవలెనన్న బాలుడు ప్రాతిపదికసంజ్ఞను, సుప్రత్యయమును, అనుబంధలోపమును, రుత్వమును, విసర్గమును ఎరుగవలెను. తథా, ఏవ అను పదములు కలిసి తథైవ యగుటకు ఏచ్ అను ప్రత్యాహారమును, పైసూత్రములనుండి వచ్చు అనువృత్తిని, పూర్వపరములకు ఏకాదేశమను అధికారమును తెలియవలెను. వీనిలో ఏ మెట్టునొద్ద సందేహము కలిగినను గురువు చెంతనుండవలెను. ఉపక్రమణికామార్గమున అకారాంతశబ్దమునకు సంపూర్ణమైన రూపపట్టిక కన్నులయెదుట నుండును. ఆకారమునకు ఏకారము పరమైనచో రెండును కలిసి ఐకారమగునని తనకు తెలిసిన భాషలో నియమముండును. బాలుడు తానే చదివి, తానే పోల్చి, తానే సరిదిద్దుకొనవచ్చును. నేర్చిన రూపములు ఋజుపాఠకథలలో మరల మరల ఎదురగుచుండుటచే ధారణ కుదురును. గురువు చేయవలసిన వివరణములో అధికభాగమును గ్రంథముననే నిక్షేపించుట ఈ పద్ధతియందలి కౌశలము.

సంప్రదాయపండితులకు ఈ మార్గమున ఆక్షేపము లేకపోలేదు. బాల్యమున కంఠస్థమైన సూత్రము వార్ధక్యమున గూడ వీడదు. పట్టికలు కాలక్రమమున చెదరిపోవును. రూపమెరిగినవాడు ప్రయోక్త యగును గాని, ప్రక్రియ నెరిగినవాడే వైయాకరణుడు. ఈ ఆక్షేపము సత్యమైనదే. విద్యాసాగరుడును దానిని త్రోసిపుచ్చలేదు. ప్రణాళికలో సిద్ధాంతకౌముదికి స్థానమిచ్చుటయే అందుకు సాక్ష్యము. ఆయన మార్చినది క్రమమును మాత్రమే. భాష ముందు, శాస్త్రము వెనుక. ఉచ్చారణము మాత్రము ఏ గ్రంథమును నేర్పజాలదు. హ్రస్వదీర్ఘములు, మహాప్రాణములు, విసర్గము చెవితో విని నోటితో అప్పగింపవలసినవే. ఇంటి పెద్దలు దినమునకు గడియసేపైనను ఈ అప్పగింతకు కేటాయింపక తప్పదు. వివరణభారమును గ్రంథము వహించినను శ్రవణభారము మనుష్యునిదే.

ఆంధ్రదేశమున ఇదే దశకమున పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికను 1853లోను, బాలవ్యాకరణమును 1858లోను ప్రకటించెను. చిన్నయసూరి తెలుగునకు తెలుగులోనే సూత్రములు రచించి పాణినీయశైలిని నిలిపెను. అది శాస్త్రగౌరవము గల కృతి. పేరున బాలశబ్దమున్నను వ్యాఖ్యాత లేక బాలునికి సులభముగా లొంగదు. వంగదేశమున గ్రంథము గురువు స్థానమున నిలువ యత్నించెను. ఆంధ్రమున గ్రంథము గురువును కోరెను. రెండును ఫలించినవి గాని, ఇంట ఒంటరిగా చదువు బాలునికి మొదటిదే చేరువ. దక్షిణదేశ విద్యాసాగరుడని ప్రసిద్ధుడైన కందుకూరి వీరేశలింగము సంగ్రహవ్యాకరణము రచించుట ఈ సందర్భమున స్మరణీయము.

విద్యాసాగరుడు 1855లో వర్ణపరిచయము రెండు భాగములను రచించి వంగబాలురకు అక్షరమార్గము సుగమము చేసెను. సంస్కృత కళాశాలలో బ్రాహ్మణ వైద్యేతరులకును ప్రవేశము కల్పించెను. 1856లో వితంతువివాహ శాసనము సిద్ధించుటకు ఆయన శాస్త్రవాదమే ముఖ్యకారణము. ఆ సంవత్సరము డిసెంబరులో ఆ శాసనానుసారము జరిగిన ప్రథమవివాహమునకు, నాడు సంగ్రహపాఠములతో సంస్కృతము నేర్చిన రాజకృష్ణుని గృహమే వేదిక యయ్యెను. 1857, 1858 సంవత్సరములలో ముప్పదియైదు బాలికాపాఠశాలలు స్థాపించి, 1858లో ప్రభుత్వోద్యోగమును త్యజించెను. 1891 జూలై 29వ తేదీన కలకత్తాలో దివంగతుడయ్యెను.

పాఠ్యగ్రంథమును ఎన్నుకొను తల్లిదండ్రులకు ఈ జీవితము ఒక నికషమును అందించుచున్నది. నియమము బాలుడెరిగిన భాషలో నున్నదా, నేర్చినది వెంటనే పఠనమున ప్రయోగమునకు వచ్చుచున్నదా, తప్పును బాలుడు తానే కనిపెట్టు అవకాశమున్నదా, పైశాస్త్రమునకు దారి తెరచియున్నదా అని పరీక్షింపవలెను. ఈ నాలుగును గల గ్రంథము పెద్దల సన్నిధి కొరవడినను బాలుని దారి తప్పనీయదు.